డాక్టర్ ‘ఓటీ’ అని రాస్తే ఆపరేషన్ అనుకున్నాం. ఇంతకీ వీళ్లు చేసే పనేమిటి?

పాతకుర్చీ
నాన్నకు 68 ఏళ్లు. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఫిజియో నడుస్తోంది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. పోయిన వారం డాక్టర్ చీటీ మీద ‘ఓటీ’ అని రాశారు. అమ్మ ఆపరేషన్ థియేటర్ అనుకుని ఒకటే ఏడుపు. కనుక్కుంటే ఆక్యుపేషనల్ థెరపీ అట. తెలుగులో వెతికితే ‘వృత్తి చికిత్స’ అని వచ్చింది. రిటైరై పదేళ్లయిన మనిషికి ఇప్పుడు వృత్తి ఎందుకు?

సరే, తీసుకెళ్లాను. ముప్పావుగంటలో సగం సేపు ఆ థెరపిస్టు ఆవిడ కబుర్లే. పొద్దున లేవగానే ఏం చేస్తారు, గడ్డం ఎవరు గీస్తున్నారు, ఇదివరకు సాయంత్రాలు ఎలా గడిచేవి, ఇవీ ప్రశ్నలు. తర్వాత చొక్కా విప్పి మళ్లీ తొడుక్కోమంది. ఆయన అవస్థ చూడలేక నేను సాయం చేయబోతే చేత్తో వారించింది. చివర్లో కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమంది. అంకెలన్నీ ఒక పక్కకే కుక్కేశారు, పాపం, ఆయనకే సిగ్గేసింది. అంతే, వచ్చే వారం రమ్మంది. పడిపోయిన చేతికి ఒక్క వ్యాయామం చేయించలేదు. నేను ఫీజు కట్టింది దేనికి?

మూడోఅంతస్తు
మా మేనేజర్ నోట వినీ వినీ నాకు ఓటీ అంటే ఓవర్‌టైమే. రిటైరైన మనిషి చేత ఓవర్‌టైమ్ చేయించడం మరీ అన్యాయం.

వానచినుకు88
ఫిజియోకి చెల్లెలు లాంటిదండీ అది. నడుము కింద ఫిజియో, నడుము పైన ఓటీ. మా మామయ్యకు అలాగే చెప్పారు.

కండరాలకథ
వానచినుకు గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. నిన్ననే ఒకావిడ భుజానికి గంటసేపు పనిచేశాను. భుజం నడుము కిందకు ఎప్పుడు దిగిందో నాకు తెలియదు.

పదమూడేళ్లపని
నడుము దగ్గర గీత గీసి పంచుకున్న ఆస్తి కాదండీ ఇది. నేను పదమూడేళ్లుగా ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, మనిషి రోజును నింపే పని ఏదైనా. స్నానం, గడ్డం గీసుకోవడం, మనవడితో ఆట, పేపరు చదవడం, బిల్లు కట్టడం, అన్నీ వస్తాయి. చెయ్యి ఎంత పైకి లేస్తోందన్నది ఒక ప్రశ్న. ఆ చేత్తో ఈయన ఏం చేసుకోవాలనుకుంటున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది ఇంకో ప్రశ్న. మా పని ఆ రెండోది. ఆ ‘కబుర్లు’ అందుకే.

ఇక చొక్కా. చూడ్డానికి చిన్న పని. కానీ మెడ ఎటుందో, అంచు ఎటుందో గుర్తుపట్టాలి. చెయ్యి దూర్చాల్సిన చోటు కంటికి ఆనాలి. తూలకుండా కూర్చోగలగాలి. తనకు ఎడమ చెయ్యి ఒకటుందని గుర్తుండాలి. ఏది ముందో ఏది తర్వాతో వరస తప్పకూడదు. గుండీ కాజాలో దూరాలి. ఇందులో ఏది తప్పుతోందో ఆమె చూస్తోంది. మీరు చెయ్యి వేస్తే ఆమెకు అది కనబడదు, అందుకే ఆపింది.

ఒకటి అడుగుతాను. గడియారంలో అంకెలు ఏ పక్కకు కుక్కారు?

పాతకుర్చీ
కుడి పక్కకు. 12 నుంచి 6 దాకా ఉండాల్సిన చోట మొత్తం 12 అంకెలూ ఇరికించారు. ఎడమ సగం ఖాళీ. ఎందుకు?

పదమూడేళ్లపని
కంచంలో ఎడమవైపు ఉన్నది వదిలేసి లేస్తున్నారా? గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపు చట్రానికి కొట్టుకుంటోందా? ఎడమ పక్క నిలబడి పిలిస్తే కుడివైపు వెతుకుతున్నారా?

బంతినాదే
ఇది ఇప్పుడు డిటెక్టివ్ కథ అయింది. నేను ఇక్కడే కూర్చుంటున్నా.

పాతకుర్చీ
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కంచం సంగతి నిజమే. అమ్మ రోజూ ‘సగం తిని లేచిపోతున్నారు, ఆకలి చచ్చిపోయింది’ అని బాధపడుతోంది. ఎడమ భుజం మీద కమిలిన మచ్చ ఉంది, ఎక్కడ తగిలిందో ఆయనకే తెలియదు. పక్కింటాయనతో చదరంగం ఆడారట. ఎడమ మూలనున్న ఏనుగును ఆట అయ్యేదాకా కదపలేదని ఆయన నవ్వుతూ చెప్పారు. చూపు మందగించిందనుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్దామనుకుంటున్నాం.

పదమూడేళ్లపని
కళ్లు చూపించండి, తప్పులేదు. అయితే మెదడు కుడివైపు దెబ్బతిన్నవాళ్లలో కొందరికి ఎడమ సగం మీద గమనిక పోతుంది. దీన్ని నెగ్లెక్ట్ అంటాం. కన్ను బాగానే ఉండొచ్చు, మెదడు ఆ పక్కను లెక్కలోకి తీసుకోదు. చూపులో సగం పోయినవాళ్లకు చాలామందికి కొన్నాళ్లకు ఆ లోటు తెలిసొస్తుంది, తల తిప్పి చూసుకుంటారు. నెగ్లెక్ట్ ఉన్నవాళ్లకు అక్కడ ఏదో ఉందన్న ఊహే రాదు. కాబట్టి తిప్పరు. కొందరికి రెండూ ఉంటాయి.

మీ నాన్నగారికి ఇదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఆమె గడియారం గీయించింది దీని కోసమే అయి ఉండొచ్చు. వచ్చే వారం సూటిగా అడగండి. అప్పటిదాకా ఆయన్ను ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి, పొయ్యి దగ్గర వదలకండి. బండి నడపడం గురించి అసలు మాట్లాడనే వద్దు.

కండరాలకథ
నా వైపు నుంచి ఒక మాట. ఇలాంటి మనిషికి నేను ఎంత బాగా నడక నేర్పినా ఎడమవైపు తలుపులకు గుద్దుకుంటూనే ఉంటాడు. కాళ్ల బలం పెంచితే ఇంకా గట్టిగా గుద్దుకుంటాడు. నవ్వులాటకు అనడం లేదు, ఒక పేషెంట్ విషయంలో నాకే జరిగింది. మా ఓటీ చెప్పేదాకా నాకు తట్టలేదు. అయినా ‘రెండో ప్రశ్న మా పని’ అన్న మాట కొంచెం ఎక్కువే పదమూడేళ్లు గారూ. మేమూ అడుగుతాం ఏం చేయాలనుకుంటున్నారని. మమ్మల్ని కొలబద్ద పట్టుకుని తిరిగేవాళ్లలా చూపించారు.

పదమూడేళ్లపని
ఒప్పుకున్నా. కొలబద్ద వెనక్కి తీసుకుంటున్నా.

పదాలపిచ్చి
అసలు గొడవంతా ఆ ‘వృత్తి’ వల్ల వచ్చింది. ఇంగ్లీషులో ఆక్యుపేషన్‌కి ఉద్యోగమనీ అర్థం ఉంది, కాలాన్ని నింపే పని అనీ ఉంది. మనవాళ్లు మొదటిదాన్ని పట్టుకుని వృత్తి చికిత్స అనేశారు. ‘దినచర్య చికిత్స’ అంటే ఎలా ఉంటుంది?

మూడోఅంతస్తు
నా దినచర్య చూస్తే డాక్టరే చికిత్సకు వెళ్లాలి.

అల్మారాతాళం
‘పనుల వైద్యం’ అనండి, మా అమ్మకు కూడా అర్థమవుతుంది.

రెండోఏడాది
నేను ఈ కోర్సు రెండో ఏడాది చదువుతున్నా. ఇంట్లో ఇప్పటికీ మా అమ్మాయి ఫిజియో అనే చెబుతారు. దిద్దడం మానేశాను. నాకు ఇందులో బాగా నచ్చింది పుట్టుక కథ. 1917లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో కొద్దిమంది కూర్చుని సంఘం పెట్టారు. మొదటి అధ్యక్షుడు జార్జ్ బార్టన్ డాక్టరేం కాదు, ఆర్కిటెక్ట్. ఆయనకు క్షయ వచ్చింది, ఆపైన ఎడమవైపు చచ్చుబడింది. తోటలో, వడ్రంగి బల్ల దగ్గర పని చేసుకుంటూ కోలుకున్నాడు. విలియం డంటన్ అనే సైకియాట్రిస్టు, ఎలినార్ క్లార్క్ స్లాగల్ అనే ఆవిడ కూడా ఆ గుంపులో ఉన్నారు. మంచం మీద ఊరికే పడుకోబెడితే రోగి ఇంకా కుంగిపోతాడు, చేతికి అర్థమున్న పని కావాలి అన్నది వాళ్ల వాదం. అదే ఏడాది అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. గాయపడ్డ సైనికుల దగ్గరికి ఈ పని తెలిసిన ఆడవాళ్లను పంపారు. అక్కడి నుంచి వృత్తి నిలబడింది.

పాతకుర్చీ గారి నాన్నగారిలాగే ఆయనకూ ఎడమవైపే, అందుకే గుర్తొచ్చింది.

తెల్లకాగితం
అంటే మొదలైంది సగం మానసిక వైద్యంలోనే అన్నమాట. ఇప్పుడు అందరూ చెయ్యి, కాలు అనే మాట్లాడుతున్నారు కాబట్టి నా సంగతి రాస్తా.

మూడేళ్ల క్రితం తీవ్రమైన డిప్రెషన్‌తో ఆరు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడ ఓటీ గది ఉండేది. మొదటి రోజు రంగు కాగితాలు, కత్తెర చూసి నాకు ఒళ్లు మండింది. ముప్పై నాలుగేళ్ల మనిషిని, నర్సరీలో కూర్చోబెట్టారేంటి అనుకున్నా. అక్కడి థెరపిస్టు ఏమీ అనలేదు. ‘ఇది నచ్చకపోతే మానేయండి, ఇంటికెళ్లాక మొదటి పొద్దున ఎలా ఉంటుందో చెప్పండి’ అన్నాడు. చెప్పలేకపోయాను. లేవడం, పళ్లు తోముకోవడం, బట్టలు మార్చుకోవడం, వీటి మధ్య ఎంత ఖాళీ ఉందో అప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి ఒక పొద్దును ముక్కలు చేశాం. మొదటి వారం లక్ష్యం కిటికీ తెరవడం. అంతే. తర్వాత వారం కిటికీ తెరిచి, స్నానం. ఉద్యోగానికి కూడా అలాగే, మొదట రోజుకు రెండు గంటలు, వారానికి మూడు రోజులు, తర్వాత పెంచుతూ. మా ఆఫీసుతో మాట్లాడి కాగితం రాయించింది కూడా ఆయనే. మందులు పనిచేశాయి, కాదనను. కానీ మందు నన్ను కిటికీ దాకా తీసుకెళ్లలేదు.

వానచినుకు88
ఇది చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయా. థాంక్సండీ రాసినందుకు.

బంతినాదే
మనది ఇంత లోతైన కేసు కాదు. క్యాచ్ పట్టబోతే బంతి వేలి చివర తగిలి గోరు దగ్గర కణుపు వంగిపోయింది, పైకి లేవదు. మ్యాలెట్ ఫింగర్ అట. ఓటీ ఆవిడ ప్లాస్టిక్ షీటు వేడినీళ్లలో వేసి మెత్తబడ్డాక నా వేలి చుట్టూ చుట్టి రెండు నిమిషాల్లో తొడుగు చేసేసింది. ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రీ పగలూ తీయకూడదంది. కడుక్కోవడానికి తీసినా వేలిని బల్ల మీద ఆనించి నిటారుగానే ఉంచాలి, ఒక్కసారి వంగితే లెక్క మళ్లీ మొదటికి. నాలుగో వారంలో సబ్బు రుద్దుకుంటూ వంచేశాను. మళ్లీ ఒకటి, రెండు, మూడు.

కండరాలకథ
హ్యాండిల్ మార్చుకోండి, ‘సబ్బునాదే’ అని.

నిద్రలేనిరాత్రి
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను అడ్డం తిరుగుతా. మా బాబుకు ఆరేళ్లు, ఆటిజం. ఓటీ దగ్గర రెండేళ్లుగా తిరుగుతున్నాం. మొదట వెళ్లిన చోట ఊయల, బంతుల తొట్టి, ఒంటికి బ్రష్ రుద్దడం, బరువు జాకెట్టు తొడగడం. అన్నిటికీ ‘సెన్సరీ’ అన్న ఒక్క మాటే జవాబు. ఏడాదైనా దేనికి ఏం మారిందో కొలిచి చెప్పలేదు. అడిగితే ఓపిక పట్టండి అన్నారు. వాడు ఊయల బాగా ఊగుతున్నాడు, అంతే మారింది.

పదమూడేళ్లపని
మీ కోపం న్యాయమే. ఆ ‘సెన్సరీ’ మాట వెనకున్న ఇంద్రియ సమన్వయ సిద్ధాంతం జీన్ ఎయర్స్ అనే ఓటీ 1960లు, 70లలో కట్టింది. స్పర్శ, కదలిక, శబ్దం కొందరు పిల్లల మెదడులో సర్దుకోక ఇబ్బంది పెడతాయన్న ఆమె గమనిక విలువైనదే. కానీ దాని పేరు మీద ఇప్పుడు చేస్తున్న వాటన్నిటికీ ఒకే రకమైన ఆధారాలు లేవు. బరువు జాకెట్లకు ఆధారం బలహీనం. ఏ ఓటీ దగ్గరికి వెళ్లినా మొదటి రోజే అడగాల్సింది ఒకటి: మూడు నెలల్లో మా బాబు ఇంట్లో ఏ పని చేయగలగాలి, అది ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు లేకపోతే ఇంకోచోటు చూసుకోండి.

నిద్రలేనిరాత్రి
రెండోచోట అదే జరిగింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, మీ ఇంట్లో రోజులో అన్నిటికంటే కష్టమైన అరగంట ఏది అని. జుట్టు కత్తిరించే అరగంట అన్నాను. ఐదు వారాలు దాని మీదే పనిచేసింది. మొదట మిషన్ ఆపి చేతిలో పట్టుకోవడం, తర్వాత దూరంగా ఆన్ చేసి వినడం, తర్వాత బొమ్మకు కత్తిరించడం. పోయిన నెల ఏడవకుండా కూర్చున్నాడు. ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు వచ్చింది, అయినా సరే.

మూడోఅంతస్తు
డబ్బులిచ్చి మరీ నేను చేయించుకునే క్రాఫ్ కూడా అలాగే ఉంటుంది.

రెండుచక్రాలు
అందరి కథలూ చదివాను. నా గొడవ వేరు. పదిహేనేళ్లుగా వీల్‌చైర్‌లో ఉన్నాను. వెన్నుపూస గాయం. మొదట్లో వచ్చిన ఓటీకి ఒకటే పట్టుదల, నా అంతట నేను బట్టలు వేసుకోవాలి. నేర్చుకున్నాను. నలభై నిమిషాలు పట్టేది, అయ్యేసరికి చెమటలు, ఇక ఆ పూటకు ఓపిక సున్నా. ఆఫీసుకు వెళ్లి ఏం చేయను? ఇప్పుడు ఒకతను వచ్చి పది నిమిషాల్లో వేసి వెళ్తాడు. మిగిలిన అరగంట, మిగిలిన ఓపిక నావి. స్వతంత్రం అంటే అన్నీ మన చేతులతో చేసుకోవడం అనుకుంటారు కొందరు. నా రోజును ఎలా ఖర్చుపెట్టాలో నేను నిర్ణయించుకోవడం అది.

ఇంకొకటి. ఒకాయన నన్ను అడక్కుండానే బాత్రూమ్ గోడకు కడ్డీలు బిగించి వెళ్లాడు. నా ఎడమ చెయ్యి బలమైంది, ఆయన కుడివైపు పెట్టాడు. ఇప్పుడు దాని మీద తువాలు ఆరేస్తున్నాం.

పదమూడేళ్లపని
రెండూ మావాళ్ల తప్పులే. మేం నేర్పేటప్పుడే ఓపికను డబ్బులా లెక్కవేయమంటాం, ఏది ముఖ్యం, ఏది వాయిదా, ఏది ఇంకొకరికి అప్పగించొచ్చు అని. పేషెంట్‌కు చెప్పి మేమే మర్చిపోతాం. నేను చేరిన కొత్తలో ఒక పెద్దావిడకు మూడు వారాలు కప్పుతో టీ కలపడం నేర్పాను. ‘నాకు టీ అలవాటు లేదమ్మా, నువ్వు సరదాపడుతున్నావని కలుపుతున్నా’ అంది.

బంతినాదే
పెద్దావిడే మీకు థెరపీ చేసింది.

రెండుచక్రాలు
న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. సీటింగ్ చూసే ఓటీ లేకపోతే నేను ఈపాటికి పుండ్లతో మంచం మీద ఉండేవాణ్ని. కుర్చీ వెడల్పు, కాళ్ల పలక ఎత్తు, మెత్త రకం, బరువు ఎక్కడ పడుతోంది, అన్నీ కొలిచింది. స్పర్శ తెలియని చోట పుండు పడితే మనకు నొప్పి చెప్పదు. ర్యాంపు కూడా ఆవిడ లెక్కే, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. మేస్త్రీ ఐదడుగుల్లో లేపేస్తానన్నాడు. దాని మీంచి నేను జారుడుబండ ఆడుకోవాలి.

అల్మారాతాళం
మా అమ్మకు డిమెన్షియా. ఓటీ ఇంటికి వచ్చి అమ్మను కాసేపు చూసి, ఎక్కువసేపు ఇంటినే చూసింది. అల్మారా తలుపులు తీయించేసి ఆ రోజు కట్టుకునే బట్టలు మాత్రమే కంటికి కనబడేలా పెట్టించింది. బాత్రూమ్ తలుపు మీద బొమ్మ. తెల్ల గోడకు తెల్ల కమోడ్ అమ్మకు ఆనడం లేదని సీటు రంగు మార్పించింది. మందు కాదు, మాత్ర కాదు. రాత్రి రెండింటికి ‘ఎక్కడికెళ్లాలి’ అని కేకలు వేయడం తగ్గింది. నా హ్యాండిల్ ఇప్పుడు అబద్ధం, అల్మారాకు తాళమే కాదు, తలుపే లేదు.

అన్నట్టు ఆవిడ నన్ను కూడా అడిగింది, మీరు రోజూ మీ కోసం ఏం చేసుకుంటారు అని. జవాబు రాలేదు.

రెండోఏడాది
మాకు కాలిన గాయాల వార్డు పోస్టింగ్ ఇప్పుడే అయింది. మచ్చ గట్టిపడి కీలు బిగుసుకోకుండా స్ప్లింట్లు (కీలును సరైన తీరులో పట్టి ఉంచే పట్టీలు), బిగుతు తొడుగులు. ఆ తొడుగు రోజుకు 23 గంటలు వేసుకోవాలి, నెలల తరబడి. నేను అరగంట వేసుకుని చూశా, దురద పుట్టి తీసేశా. వేసుకోమని చెప్పే గొంతు మారింది అప్పటి నుంచి.

పాతకుర్చీ
మూడు వారాల తర్వాత వస్తున్నా. అది నెగ్లెక్టే. ఆవిడకు మొదటి రోజే అనుమానం వచ్చిందట, ఖాయం చేసుకున్నాక చెబుదామనుకుందట. చెప్పి ఉంటే నేను ఇక్కడ ఇంత తిట్టేవాణ్ని కాదు. అది ఆవిడతో అన్నాను కూడా, ఒప్పుకుంది.

ఇప్పుడు కంచం ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించాం. ఎర్రది కనబడేదాకా చూపు జరపాలి. పేపరు ఎడమ అంచుకూ అదే. పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు అది చివర, ఈ సూత్రంతో చొక్కా పన్నెండు నిమిషాల్లో వేసుకుంటున్నారు. ఒక గుండీ తప్పుతోంది. చదరంగంలో ఏనుగు కదిలింది, పక్కింటాయన నవ్వడం మానేశారు. రోడ్డు మీదికి మాత్రం ఒంటరిగా పంపడం లేదు. కోపం వస్తోంది ఆయనకు, వస్తే రానీ.

ఒక సలహా కావాలి. బాత్రూమ్‌లో కడ్డీ పెట్టించాలి. కుడి చెయ్యి బాగుంది కాబట్టి కుడివైపేగా?

పదమూడేళ్లపని
చాలావరకు అంతే, కానీ లోపలికి వెళ్లేటప్పుడు కుడి అయింది బయటికి వచ్చేటప్పుడు ఎడమ అవుతుంది. లేచేటప్పుడు పట్టుకోవాలా, తిరిగేటప్పుడా చూసుకోవాలి. గోడకు రంధ్రం పడకముందే మీ ఓటీని ఇంటికి పిలవండి.

రెండుచక్రాలు
నాన్నగారిని అడిగారా?

పాతకుర్చీ
ఇప్పుడే అడిగాను. ‘ఎక్కడైనా పెట్టు, దాని మీద తువాలు మాత్రం ఆరేయొద్దు’ అన్నారు. మీ పోస్టు నిన్న ఆయనకు చదివి వినిపించాను.